ఖాళీ బండ బరువు

బండ మెడ మీద రాసి ఉంటది.
ఖాళీది పదిహేను కిలోల మూడు వందల గ్రాములు,
లోపటి గ్యాసు పద్నాలుగు కిలోల రెండు వందలు.
పందొమ్మిదేండ్లు నా ఎడమ భుజం ఆ లెక్క తప్పలె.
ఛాతీల ఉన్నదాని బరువెంతో
ఎన్నడు అడగలె.

పార్సిగుట్టల లిఫ్టు లేని బిల్డింగులు
నాకు మెట్లతోనే యాదికుంటయి.
నలభై రెండు మెట్ల సరళాదేవి మేడం.
యాభై ఆరు మెట్ల ట్యూషన్ సారు,
చివరి మెట్టు పగిలింది, ఎవ్వలూ బాగు చేపియ్యరు.

గాంధీల పదమూడు దినాలున్న.
పక్క మంచం మీద రాత్రి ఒకాయన,
పొద్దుగాల ఇంకొకాయన.
ఆడ నా గుండె ఏమనలె,
నోరు మూసుకొని పని చేసింది.
ఇంటికొచ్చినంక మొదలువెట్టింది.

బాత్రూముకు పోయొస్తే నూట ముప్పై.
కూసుండి అంగీ గుండీలు పెట్టుకుంటే నూట పద్దెనిమిది.
వేలికి పెట్టే మిషిను పక్కింట్ల అడిగి తెచ్చి
మా శ్యామల ఎర్ర అంకెలు చూసి మెడ తిప్పుకునేది.
నేను అంకెలు చూసేటోన్ని గాదు.
ఆ మెడ తిరిగిన జోరుతోనే
నాకు తెలిసిపోయేది.

"గుండె బండ జేస్కో" అన్నరు
మా వదిన పోయిన నాడు.
ఏడుపుల నవ్వొచ్చింది.
బండలు మోసుడు నాకొచ్చు,
బండ అయ్యుడు రాదు.

ఎకో గదిల చల్లటి జిగురు రాసి
డాక్టరమ్మ తెర నా దిక్కు తిప్పింది.
బూడిదరంగు చీకట్ల చిన్న తలుపు
తెరుసుకుంట, మూసుకుంట,
ఒక్కతే పని చేసుకుంటున్నది.
"వాల్వులు బాగున్నయి. కండకు వాపొచ్చింది, అలసింది.
నూటికి నలభై మూడే పంపుతున్నది."
లీకా మేడం, అన్న.
"సబ్బునీళ్లు పెట్టి చూసేది గాదయ్యా" అని నవ్వింది.
పొద్దుగాల అరగోలీ, రాత్రి అరగోలీ.
బరువు మాటెత్తితే నవ్వు బంద్ చేసింది.

పురుగు పోయినంక సుత గుండె ఉరుకుతనే ఉంటదట.
దొంగ సందు దాటినంక
కుక్క మొరుగుతనే ఉన్నట్టు.

ఆరు నిమిషాలు నడువమన్నరు.
ఇస్త్రీ డబ్బా దాక పోయి
కరెంటు స్తంభం పట్టుకొని
ఫోను చూస్తున్నట్టు నిలబడ్డ.
ఆయాసం కంటె సిగ్గు బరువు.
పాలపాకెట్ల పిల్లడు నా భుజాలు చూసి, మొఖం చూసి,
"అన్నా, నీళ్లు తేవాల్నా" అన్నడు.

బోనాల నాడు డప్పు మా గల్లీలకు తిరిగింది.
చెయ్యి దానంతటదే ఛాతీ మీదికి పోయింది,
ఏ చప్పుడు ఎవలిదో తెల్వక.

ట్రాలీ నడిపే జహాంగీర్
నా మెట్లు సుత ఎక్కిండు, నాలుగు నెలలు.
వచ్చిన చిల్లరల సగం నా జేబుల కుక్కేటోడు.
వద్దంటే, "మెట్లు నీయి, కాళ్లే నాయి" అనేటోడు.

మొన్న మళ్ల ఎకో తీసిండ్రు. యాభై ఒకటి.
"ఇంక పూర్తిగ గాలె" అన్నది డాక్టరమ్మ.
ఆ కాగితం మా శ్యామల
రేషన్ కార్డు పక్కన పెట్టింది.

ఇయ్యాల నిండు బండెత్తుకొని జహాంగీర్ ముందట,
ఉత్త చేతులతోని నేను ఎనక,
సరళాదేవి మేడం మెట్లు.
పద్దెనిమిదో మెట్టు కాడ ఆగాలె.
గోడకు కొత్తగ పచ్చ రంగేసిండ్రు,
దాన్నే చూసుకుంట పోయిన.
లెక్క తప్పింది.
తలుపు తీసి, "ఉన్నవా నాయనా!" అన్నది మేడం.
ఉన్న మేడం, కొద్దికొద్దిగ.

ఖాళీది నేను దించుత అన్న.
జహాంగీర్ వద్దనలె.
రెండు మెట్ల కింద, మొఖం నా దిక్కు పెట్టి,
వెనుకకు వెనుకకు దిగిండు.

పదిహేను కిలోల మూడు వందల గ్రాములు.
లోపట ఏమీ లేదు, అయినా బరువే.
కుడి భుజానికి మార్చుకున్న.
ఎడమ దిక్కు ఇంకొన్నాళ్లు
దానికే ఇడిసిపెడుత.