మెస్కెరెం వాళ్ళ దేశం

సాల్మియాలో మూడో అంతస్తు,
వంటింటి ఫ్రిజ్జు మీద రంగుల పుస్తకం.
బడులు తెరిచేలోగా సేటు వాళ్ళు
ఇథియోపియా చూడబోతారంట.

"ఏమేం సర్దుకోవాల?" మేడం అడిగింది.
మెస్కెరెం గిన్నెలు కడుగుతానే చెప్పింది:
స్వెట్టరు. ఎండ ఉంటాది గానీ ఎత్తు మీది ఊర్లు, రాత్రికి చలి.
గడియారాన్ని నమ్మొద్దు,
పొద్దు పొడిచిన గంటకు మాకు ఒకటి.
ఏడుకు రమ్మంటే మధ్యాహ్నం ఒంటిగంటకు పోండి.
ఏడాదికి పదమూడు నెలలు.
(మేడం నవ్వింది: పదమూడో జీతం అడిగేవు!)
కాఫీ మూడుసార్లు పోస్తారు,
మొదటిదానికే లేస్తే ఇంటామె మొహం చిన్నబోతాది.
రొట్టె మీ అట్టు మాదిరే అక్కా,
అని నా దిక్కు తిరిగింది,
పులిసిన పిండి, ఒక పక్కే కాలుస్తాం.
మీరు పోయేది నా పేరు నెలలోనే.
వానలు వెలిసి, గట్లంతా పసుపుపచ్చ పూలు.

కొండరాతిలో తొలిచిన చర్చీలు పన్నెండో పేజీ.
ఆమె ఊరు ఏ పేజీలోనూ లేదు.
"ఇక్కడ" అని రెండు బొమ్మల నడుమ
తెల్లజాగాలో నురగ వేలు పెట్టింది.
ఆరినాక కాగితం అంత మేరా ఉబ్బింది.

వాళ్ళు లేని పదిరోజులూ
పిల్లికి తిండి, కుండీలకు నీళ్ళు, మేమిద్దరమే.
మెస్కెరెం పాస్‌పోర్టు బీరువాలో.
బీరువా తాళంచెవి మేడం సంచిలో
పోయి ఆ దేశం చూసొచ్చింది.

"చలే, నువ్వన్నట్టే," అని మేడం
స్వెట్టరు ఉతకడానికి వేసింది.
పొగ వాసన, కాఫీ వాసన.
మిగతావన్నీ మిషన్లో తిరుగుతుండాయి.
అదొక్కటీ ఇంకా
మెస్కెరెం మోకాళ్ళ మీదే ఉండాది.