ముప్పై సెకన్లు

పర్లాకిమిడి కోర్టు వెనక సందులో
షట్టరు పైకెత్తగానే ముందు ఎలుకల వాసన,
ఆ తర్వాత టోనరు వాసన.
స్విచ్చి వేస్తే సీపీయూ ముసలి మేకలా రెండుసార్లు దగ్గి
నల్లటి తెర మీద రెండు తెల్ల వరుసలు పరుస్తుంది.

పైన: పాత విండోస్.
కింద: విండోస్ సెవెన్.
ఏది కావాలో చెప్పమని
ముప్పై నుంచి వెనక్కి లెక్క.
చెప్పకపోతే కిందిదే.
నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ ముప్పైలో గుమ్మం ముందు నీళ్లు చల్లేవాణ్ని,
జగన్నాథుడి పటానికి అగరొత్తి గుచ్చేవాణ్ని,
ట్రేలో కాగితాలు దులిపి సర్ది
టీకొట్టు కుర్రాడికి రెండువేళ్లు చూపించేవాణ్ని.
సున్నా పడేసరికి నేనూ తయారు, అదీ తయారు.

పైవరుస ఎక్కడికీ పోదు.
ఓసారి గుమస్తా పండాబాబు మోచెయ్యి తగిలి నొక్కుకుపోతే
ఏదో ఫైలు కనబడలేదని ఒక్క ముక్క ఇంగ్లీషు,
కింద మినుకుమంటూ ఒక గీత, అంతే.
దాని డిస్కు కాలిపోయి నాలుగేళ్లు.
లోపలి బిళ్ళని మా మేనకోడలు
బొమ్మలకి అద్దంగా పెట్టుకుంది.
పేరు మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి నిలబడేది,
చిన్నబండి పట్టాలు పీకేశాక కూడా
ఆ బండి టైముకే మాత్ర వేసుకునే మా పెదనాన్నలాగ.

అందులో దండాసి ఉండేవాడు.
అంటే అతని అక్షరాలు.
కాశీనగర్ పిల్లకి పాతపట్నం పిల్లాడు:
కార్డుకి ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు,
ముహూర్తం ఒక్కటే.
పాతపట్నం వెళ్తే మమ్మల్ని ఒడియావాళ్లంటారు,
భువనేశ్వర్ వెళ్తే తెలుగువాళ్లంటారు,
దండాసి కార్డు మీద మాత్రం
రెండు వైపులవాళ్లూ అచ్చుతప్పులే వెతికేవారు.
ఇప్పుడా ఫైళ్లు తెరిస్తే
శ్రీరస్తు ఉండాల్సిన చోట ఒక డాలరు, రెండు కామాలు,
తలకిందులుగా ఒక ప్రశ్న.

దండాసి బస్టాండు దగ్గర చెరకురసం మిషను పెట్టుకున్నాడు.
మొన్న రేషన్ కార్డు జిరాక్సుకొచ్చాడు, పొద్దున్నే,
నేనింకా చెంబుతో గుమ్మంలోనే ఉన్నాను.
తెర చూసి
"ఏట్రా, ఇదింకా ఉందేటి?" అన్నాడు.
"నీదే గదా, ఉండనీ అని."
"నాదేటి, కంపెనీది. తీసీ."

నేను కదలకపోయేసరికి తనే కూచున్నాడు.
ఎక్కడో ఏదో చిన్న మాట కొట్టి, ఒక పెట్టె తెరిచి,
పైవరుస మీద వేలు పెట్టి డిలీట్ నొక్కాడు.
నిజంగానా అని
యంత్రం మాటవరసకైనా అడగలేదు.
దండాసి జిరాక్సుకి రెండు రూపాయలిచ్చాడు.
వద్దన్నాను. బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు స్విచ్చి వేశాను.
చెంబు చేతిలోనే ఉంది,
అప్పటికే మేఘాలూ పచ్చగడ్డీ తెర నిండా వచ్చి కూచున్నాయి.
తొందరగా వచ్చేశావేటి, అన్నాను దానితో.
దేవుడి దగ్గర అగ్గిపెట్టె వెతుకుతుంటే
పుట్టినతేదీ మార్చుకోవాల్సిన ఆవిడ
బాబూ, మిషనొచ్చేసింది గదా, అంది.
నిజమే. ఇంకేం చెప్పి ఆపను?

కీబోర్డు మీద చెరకు జిగురు మిగిలింది.
ఇవాళ చీమలు పట్టాయి.
ఒకదాని వెనక ఒకటి డిలీట్ మీట కిందికి దిగుతున్నాయి,
పైకి వచ్చేవి మాత్రం కనబడలేదు.
తుడుద్దామని గుడ్డ తీసి
తుడవకుండా లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను.
పంతొమ్మిదో చీమ దగ్గర
ఎవరో అఫిడవిట్టు కాగితం బల్ల మీద పెట్టారు.