గాజు నేల

రాజోలు ఫ్యాన్సీ షాపులో
పూలకుండీలకి అమ్మే జెల్లీ గోళీలు
పాకెట్టు ఇరవై రూపాయలు.
రాత్రి నానేస్తే
తెల్లారేసరికి ఆవగింజలు బఠాణీలయ్యాయి.
సీసాలో పోసి నీళ్ళు వంపగానే
గోళీలు మాయం.
ఉన్నాయి. కనపడవు.
ఇదే నేల అన్నాను.

మొలకెత్తిన స్వర్ణ గింజలు
నాలుగు సీసాల్లో నాలుగేసి.
ల్యాబు ఊడ్చే నూకరత్నం చీపురు ఆపి
"మట్టి లేకుండా ఏం తింటదండీ అది?" అంది.
నీళ్ళలో ఎరువు కలిపానంటే నమ్మలేదు.

మూడోరోజు,
దారప్పోగంత వేరు
గోళీకీ గోళీకీ మధ్య సందు వెతుక్కుంటూ దిగుతోంది.
ముక్కు గాజుకి ఆనించి చూసింది నూకరత్నం.
ముప్పై ఏళ్ళ ఊడ్పులు ఆమెవి.
బొటనవేలితో నారు నొక్కి, వెనక్కో అడుగు వేసి,
ఇంకోటి నొక్కి...
కింద ఏమైందో
ఒండ్రు ఏనాడూ చెప్పలేదు.
"నాటు తేరుకోడమంటే ఇదా!
పైన పసుపు తిరిగి పడున్నప్పుడు
లోపల ఇంత పని జరుగుద్దా!"

వెళ్తూ వెళ్తూ
భుజమ్మీది తువ్వాలు సీసాలకి చుట్టింది.
వేరుకి వెలుగు పడదని
నేను పాఠం మొదలెట్టేలోగా
"అందరూ గుడ్లప్పగించి చూస్తుంటే
ఎవరికి ముద్ద దిగుద్ది?" అంది.

నా లెక్క వేరే ఉంది.
ఒకటో సీసాలో అంతా మంచినీరే.
రెండూ మూడుల్లో అడుగు వరసలకి
చిటికెడు, చెంచాడు ఉప్పు.
నాలుగోదాని అడుగున
సముద్రం పోటు మీదున్నప్పుడు
డ్రైనులోంచి పట్టుకొచ్చిన నీళ్ళు.

తొమ్మిదోరోజు
నాలుగో సీసా దగ్గరే నిలబడిపోయింది.
వేరు సగం దాకా దిగి
ఏదో తగిలినట్టు ఆగి
పక్కకి మళ్ళి
గాజు వెంబడి దారి వెతుకుతోంది.
కొస గోధుమరంగు.

"రొయ్యల చెరువు పక్కన
మా అరెకరం" అంది.
"ఏటా ఆకు ఎర్రబడిపోయేది.
బద్ధకం నారని తిట్టేదాన్ని.
దీన్నా నేను తిట్టింది?"

నేను పుస్తకంలో
'వంపు, తొంభై డిగ్రీలు' అని రాసుకుంటున్నాను.

సోమవారం వచ్చేసరికి
నాలుగో సీసాలో ఎవరో నీళ్ళు మార్చారు.
నాలిక్కి తగిలించి చూశాను, తియ్యటి కాలవ నీళ్ళు.
రెండు వారాల ప్రయోగం
గంగలో కలిసింది.
కోప్పడదామని అటు తిరిగాను.
ఎండిన కొసకి కాస్త పైన
బియ్యపు నూకంత తెలుపు,
కొత్తది.

దాన్ని ఏ గడిలో రాయాలో తెలీక
తువ్వాలు మళ్ళీ కప్పేశాను.