నూట ఎనభై ఏడు

మార్గశిరం మంచు దిగిందంటే
నా డ్యూటీ కళ్లతో కాదు, చెవులతో.
సైకిలు గట్టున పడుకోబెట్టి
దాళ్వా నారుమడి పక్కన నిలబడి
పైకి చెవి ఒగ్గుతాను.
నాలుగు వందల కేవీ.
ఉప్పుగాలి పట్టిన పింగాణీ పళ్లేల మీద
తడినిప్పు పాకుతుంటే
ఇసకలో వేరుశెనక్కాయలు వేయిస్తున్న చప్పుడు.

బొంతు వారి రెండోవాణ్ణి, ఇజ్రాయేలుని.
కేంద్రం వారి లైనుకి
కాంట్రాక్టరు పెట్టిన కాలిమనిషిని.
నూట డెబ్బైనాలుగు నుంచి రెండువందల పది దాకా
ముప్పై ఏడు టవర్లు.
నావి అని నేనే అంటాను, ఇంకెవరూ అనరు.

నూట ఎనభై ఏడు
కడలి నూకరత్నం చేలో ఉంది,
నాలుగు కాళ్లూ ఆవిడ వరిలోనే.
ఆ కాళ్ల మధ్యకి ట్రాక్టరు దూరదు.
అంతమేరా ఆవిడే వంగి ఊడుస్తుంది,
ఆవిడే కొడవలితో కోస్తుంది.
తీగ కింద పద్దెనిమిది కొబ్బరిచెట్లు కొట్టేసిన రోజున
"కాసేదానికీ గొడ్డుదానికీ ఒకటే రేటేంటి బాబూ"
అని అడిగిందట.
సర్వేయరు టేపు చుట్టుకుని జీపెక్కాడట.

నన్నడిగిన మొదటి మాట:
"ఎక్కడికెళ్తదయ్యా ఇది?"
తెలీదు నాకు. సబ్‌స్టేషనుకి ఫోను చేశాను.
కంట్రోల్ రూములో వర్మగారు నవ్వారు.
"ఎక్కడ తక్కువైతే అక్కడికి.
గోదాట్లో ఏ బిందెడు ఎవరిదని చెబుతాం?"
ఆ మాట పదిలంగా మోసుకొచ్చి అప్పజెప్పాను.
నెత్తిమీది నారుకట్ట దించి అంది కదా,
"మా శివారు కాలవకి చెప్పరేం మరి ఆ లెక్క."

నిరుడు, రాత్రి రెండింటికి ఫోను.
"నీ టవరు దగ్గుతోంది."
మంచుకి అన్నీ అంతేనమ్మా, పడుకో అన్నాను.
"మంచుకి గురక పెడతది.
ఇది దగ్గు."

వెళ్లాను. టార్చి అక్కర్లేకపోయింది.
నడిమి తీగ పట్టిన దండలో
ఏడో పళ్లెం దగ్గర
నీలంగా, పురుగులా, ఏదో కదులుతోంది.

తెల్లారకుండానే లైను ఆపారు.
పదకొండేళ్లుగా తిరుగుతున్నాను ఆ చేలో,
కప్పలున్నాయని అప్పుడు తెలిసింది.
ఆవిడ గట్టుమీద గొంతుక్కూర్చుని
చాలాసేపు ఏమీ అనలేదు.
దేశంలో ఎక్కడా
ఒక్క ఫ్యానూ ఆగలేదని వర్మగారు చెప్పారు,
వేరే దారిన పంపారట.
వాళ్ల పేటలో మాత్రం సాయంత్రం నుంచే కరెంటు లేదు,
అది మా కంపెనీ లెక్కలోకి రాదు.

రిజిస్టర్లో ఒక గడి ఉంటుంది:
ఎవరు కనిపెట్టారు.
నా పేరు రాశాను, జీతం నాది కనక.
కింద సన్నంగా, నూకరత్నం, చెవితో, అని కూడా.
ఆఫీసు కాయితంలోకి ఎక్కేసరికి
ఆ ముక్క రాలిపోయింది.

పగిలిన పళ్లెం స్టోరుకి అప్పగించాలి.
"బురదలో పడిపోయింది, దొరకలేదు" అని సంతకం పెట్టాను.

నిన్న అటు వెళ్లాను.
ఆవిడ వాకిట్లో, తిరగేసిన పింగాణీ గాడుల్లోంచి
కోడిపెట్ట నీళ్లు తాగి
తల పైకెత్తి మింగుతోంది.
చేలో, అల్లంత ఎత్తున,
గురక.