బెల్టు చివర

కోఠీలో మా వినికిడి కేంద్రంలో
రోజంతా నా పని ఒకటే.
అద్దాల గదిలో కూర్చున్నవాళ్ళ చెవుల్లోకి
సన్నటి కూత పంపి
వినపడితే వేలెత్తమనడం.
వినపడకపోయినా ఎత్తేవాళ్ళుంటారు.
పదకొండేళ్ళుగా వాళ్ళని పట్టుకుంటున్నాను.
ఆ ధైర్యంతోనే కారు కొనడానికి బయల్దేరాను.

టోలిచౌకి సందులో, కవరు కింద,
తెల్లటి జర్మనీ సెడాన్.
ఆ బ్యాడ్జికి అది గుమ్మం ముందు మెట్టు మాత్రమే.
మా వారాసిగూడలో ఆపితే
పిల్లలు అద్దంలో తల దువ్వుకుంటారు.
కొత్తదైతే నలభై లక్షలు. ఇది పదకొండున్నర.
మిగిలిన ఇరవై ఎనిమిదిన్నర ఎక్కడికి పోయాయో
కనిపెట్టడానికే
మెకానిక్ ఎల్లేశాన్ని వెంట తెచ్చుకున్నాను.

ఎల్లేశం బానెట్ ఎత్తి
పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద పెట్టి
పిడిని చెవికి ఆనించుకున్నాడు.
తర్వాత నా చెవికి ఆనించాడు.
లోపల దూరంగా
ఎవరో శనగలు వేయిస్తున్నారు.
"చెయిన్ జర వదులైంది.
గేరుబాక్సు ఆయిల్ ఎన్నడు మార్చిన్రు సార్?"
"కంపెనీ వాళ్ళు మార్చే పనే లేదన్నరు," అన్నారు
ఇఫ్తెకారుద్దీన్ గారు, మార్బుల్ దుమ్ము పట్టిన చెప్పులతో.
"కంపెనీ వాళ్ళు గట్లనే అంటరు.
వారంటీ దాటేదాంక బతికితే సాలు వాళ్ళకు."

స్టీరింగ్ మీద ఎడమ అరచెయ్యి ఆనే చోట
తోలు నున్నబడింది.
సర్వీసు పుస్తకంలో ముద్రలు వరసగా ఉన్నాయి,
ఒక అక్టోబరు నుంచి
మరుసటి మార్చి దాకా తప్ప.
నేను చూశాను. చూసి పేజీ తిప్పేశాను.

ఎందుకంటే అప్పటికే
షేక్‌పేట ఫ్లైఓవర్ మీద ఒకసారి నడిపాను.
వెన్ను సీటుకి అతుక్కుంది.
తలుపు మూస్తే ధప్ మని
ఒక్కటే మాట, మారుమాట లేదు.
బయట హారన్లు, డీసీఎంలు, పెళ్ళి బ్యాండు,
అన్నీ నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు.
ముప్పై డెసిబెల్స్ తగ్గిన హైదరాబాద్.
అంత నెమ్మదిగా ఈ ఊరు
నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

తిరిగొచ్చాక ఎల్లేశం వెనక సీట్లో కూర్చుని
బెల్టు లాగడం మొదలుపెట్టాడు.
చరఖా నుంచి మాంజా వదిలినట్టు
ఇంకా, ఇంకా,
ఏ మనిషి నడుముకీ అక్కర్లేనంత పొడుగు.
చివరి జానెడులో
అడ్డంగా ఒక గోధుమరంగు గీత.
గోరుతో గీకితే
పొడిపొడిగా రాలింది బురద.

ఎవరం ఏమీ అనలేదు.
పక్కింట్లో కుక్కర్ మూడు కూతలు కూసింది.

"డాబా మీదికెళ్ళి చూసినం ఆ రాత్రి," అన్నారాయన,
కారుతో కాదు, మాతో కాదు.
"నీళ్ళు అద్దాల దాకొచ్చినయి.
లైట్లు వాటికవే వెలిగినయి.
తెల్లారేదాకా
నీళ్ళ లోపల ఇండికేటర్ కొట్టుకుంటనే ఉండె,
ఎటో తిరగాలన్నట్టు.
ఇంతకు ముందు ఇద్దరొచ్చిన్రు. అడగలే.
నేనూ చెప్పలే."
ఆగి, "తొమ్మిదికి తీస్కోండమ్మా," అన్నారు.

సందు మలుపులో ఎల్లేశం
స్కూటర్‌ని నాలుగుసార్లు తన్నాడు.
"నీళ్ళు తాగిన వైర్లు మేడమ్,
ఇయ్యాల కాదు, రేపు కాదు.
ఏదో ఒకనాడు రింగురోడ్డు మీద, నూటపదిల ఉన్నప్పుడు..."
వాక్యం పూర్తిచెయ్యలేదు.
బండి అందుకుంది.

ఈ స్కూటర్‌కి దాపరికం లేదు.
ఉన్న రోగాలన్నీ
దారి పొడుగునా చాటుకుంటూ పోతుంది.
మెహదీపట్నం సిగ్నల్ దగ్గర
దాని దగ్గులో, బస్సుల రొదలో
కళ్ళు మూసుకున్నాను.
ధప్ మని ఆ తలుపు
ఇంకోసారి మూసుకుంది లోపల.

ముందుకి వంగి, "ఎనిమిదికి అడుగుదామా?" అన్నాను.

వినపడిందో లేదో.
ఎల్లేశం రెండు చేతులూ
హ్యాండిల్ మీదే ఉన్నాయి.