యాభయ్యో వంతు

మూడో అంతస్తులో స్టూడియో. గ్లాస్గోలో వాన
నిన్న మొదలైందో, సెప్టెంబరులోనే మొదలైందో.
నా బల్ల కిటికీ పక్కన,
అంటే చలి పక్కన.
బాల్సా చెక్క పొట్టు టీ కప్పులో తేలుతుంది,
వేలితో తీసేసి తాగుతాం.

ఈ టర్మ్ మాకిచ్చిన పని:
క్లైడ్ నదికి దక్షిణాన, పాత ఉతుకుశాల కూల్చిన జాగాలో
మళ్ళీ ఒక ఉతుకుశాల.
ఇక్కడి పెద్దవాళ్ళు దాన్ని స్టీమీ అంటారు.
ఆవిరి ఇల్లు.
ఆ మాట విన్న రోజు పెన్సిలు ఆగిపోయింది.
ఉబ్బ.
మా ఇంట్లో దాని పేరు ఉబ్బ.
బాన మీద మూట, మూట మీద మూట,
కింద కంపమంట, ముక్కు నిండా చౌడు వాసన.
బళ్ళో కులవృత్తి అడిగితే
'వ్యాపారం' అని రాసేదాన్ని.
ఇక్కడ ఎవరూ అడగలేదు. అయినా చెప్పలేదు.

జాగా చూడబోయిన రోజు జెస్సీ రాంకిన్ కలిసింది.
ఎనభై ఒకటి. ఎర్ర గొడుగు.
"ప్రామ్‌లో దుప్పట్లు తెచ్చేవాళ్ళం.
పిల్ల పక్కన నడిచొచ్చేది.
ఆ పిల్లని నేనే.
పద్నాలుగో తొట్టి మా అమ్మది.
ఊళ్ళో ఎవరి కాపురం ఎట్లా ఉందో
దుప్పట్లు చూసి చెప్పేది."
నవ్వాను. మా రేవులోనూ అంతే అనబోయి
ఫోటోలు తీసుకున్నాను.

మోర్వెన్ మేడమ్ అంటుంది:
"కోసి చూడు. ప్లానులో అబద్ధమాడిన భవనం
సెక్షన్‌లో దొరికిపోతుంది."
కోశాను. చూపుడువేలు కూడా కాస్త.
అందరూ ముందు పైకప్పు గీశారు.
నేను ముందు కాలువ గీశాను.
నీరు పల్లమెరుగు.
సామెతలో రెండో సగంతో నాకు పని లేదు.

బొమ్మలో మనుషుల్ని పెట్టాలి.
కంప్యూటర్లో వేలమంది ఉన్నారు:
కుక్కతో నడిచేవాడు, కాఫీ పట్టుకున్నామె,
బెలూను వదిలేసిన పాప.
వంగిన మనిషి ఒక్కరూ లేరు.
అట్ట మీద నేనే కోశాను.
యాభయ్యో వంతులో మా పెద్దమ్మ
మూడు సెంటీమీటర్లు.
వంగితే రెండే.

తెల్లవారుజామున మూడింటికి, కాలమ్ బల్ల కింద నిద్రపోతుండగా,
ఉతుకుగట్టు ఒక్కో మిల్లీమీటరు పెంచాను.
పెంచి, ఆమెని మళ్ళీ కోసి నిలబెట్టి,
మళ్ళీ పెంచి.
పదిహేడో మిల్లీమీటరు దగ్గర
నడుము నిటారయింది.
చాలాసేపు ముట్టుకోలేదు.

రివ్యూ రోజు ఎడిన్‌బరో నుంచి వచ్చినాయన
కళ్ళద్దాలు నుదుటికెక్కించి,
"నేల మీదున్న శ్రద్ధ పైకప్పు మీద లేదు" అన్నాడు.
నిజమే.
"ఈ గట్టు ఎనభై ఐదు సెంటీమీటర్లేమిటి? తొంభై కదా ప్రమాణం?"
ఎవరి నడుముకి? అన్నాను.
అనేశాక భయమేసింది.
"మరి ఇదెవరి నడుము?"
జపాన్ స్నానశాల, పోర్చుగల్ ఈతకొలను
నా వెనక గోడ మీద మెరుస్తున్నాయి, అరువు నగల్లా.
మా పెద్దమ్మది, అన్నాను.
రేవులో బట్టలు ఉతికేది.
ఇంగ్లీషులో ఆ వాక్యం
ఎంత చిన్నదో అప్పుడే తెలిసింది.
ఆయన ఏదో రాసుకున్నాడు. తర్వాత కాలమ్ వంతు.

సాయంత్రం మోడళ్ళన్నీ స్టోరు గదిలో పెట్టించారు.
"పేరు రాయండి, కలిసిపోతాయి" అని కేకేశాడు టెక్నీషియన్.
పెద్దమ్మ జీడిపిక్కతో గుర్తులేసేది:
కరణంగారికి మూడు చుక్కలు,
డాక్టరమ్మకి కొడవలి,
చదువు రాని మనిషికి రెండొందల ఇళ్ళ లిపి.
మా ఇంటికి మాత్రం గుర్తు లేదు.
"మన బట్టలు మనకి తెలీవా?" అనేది.

మార్కర్ పట్టుకుని కాసేపు నిలబడ్డాను.
అట్ట అడుగున ఒక గీత, దాని కింద వంపు.
"అదేం అక్షరం?" అన్నాడతను.
అక్షరం కాదు, అన్నాను.

బయట వాన.
పైకప్పు సోమవారంలోగా మళ్ళీ గీయాలి.