వేలిముద్ర గడి

కాశీబుగ్గలో, జిరాక్స్ షాపు నెత్తిమీద,
జీడి కాల్చే వాసన తలుపు తట్టకుండా వచ్చే గదిలో
ఉంది నా కంపెనీ.
బోర్డు మీద ‘కన్సల్టెన్సీ’లో ఒక అక్షరం
పెయింటరు మింగేశాడు. దిద్దించలేదు.
ఊళ్లోవాళ్ల ఓచర్లు దిద్దడానికే రోజు సరిపోతుంది.

నా సరుకు మాటలు.
ఆకలిని ‘పోషకాహార లోటు’ అని తూకం వేస్తాను.
కూలి ఎగ్గొడితే ‘జీవనోపాధి అస్థిరత’.
ఢిల్లీ ఏసీ గదిలోకి
ఏడుపు అని రాసి పంపితే డబ్బు రాదు,
సూచిక అని రాస్తే వస్తుంది.
మొదటేడు అది తెలీక
మూడు సంఘాల దరఖాస్తులు నీళ్లలో కలిపాను.

ఇవాళ దమయంతి వచ్చింది,
జీడి బట్టీ ఆడకూతుళ్ల సంఘానికి పెద్ద.
వెనక మెట్లమీద పన్నెండు మంది.
చేతితొడుగులు, గాలాడే షెడ్డు, కోత మిషన్లు ఎనిమిది.
కొటేషన్లు మూడు తెచ్చింది, ఒకటి వానకి తడిసింది.
“బాబూ, నువ్వు రాత్తే వచ్చీసినట్టే అంతన్నారు.
ఎంతవుతాది నీ కూలి?”

కూలి!
ఆడిటరు దాన్ని ‘వృత్తిపరమైన రుసుము’ అంటాడు.
రెండువేలు అన్నాను. వచ్చినా రాకున్నా అంతే,
వచ్చినదాంట్లో వాటా అడగను.
కొంగుముడి విప్పి ఏడొందలు పెట్టింది.
మిగతాది గుడ్డసంచిలో జీడిపప్పు,
గుండు కాదు, బద్దలు.

లబ్ధిదారుల జాబితా.
దమయంతి సంతకం చేసింది, నాలుక కొరుక్కుంటూ.
తక్కినవాళ్లకి వేలిముద్ర గడి.
ఇంకుప్యాడు తోశాను.
మొదటి బొటనవేలు: నీలం మచ్చ.
రెండోది: నీలం మచ్చ.
గీతల్లేవు, సుడుల్లేవు.
ఇరవయ్యేళ్ల జీడిసొన
ఒక్కో గీతా నాకేసింది.
“రేసను మిసనూ ఇంతే బాబూ,
నన్ను నాను కాదంతాది” అంది వెనకనించి ఎవరో.
అందరూ నవ్వారు, మెట్లు కదిలేలా.
నేనూ నవ్వాను,
ప్యాడు మూత పెట్టడం మర్చిపోయాను.

ఫారం నాలుగో పేజీ:
‘సమస్యను రెండువందల యాభై మాటలు మించకుండా వివరించండి.’
పదకొండేళ్లుగా ఆ పెట్టె నింపుతున్నాను.
కళ్లు మూసుకుని ‘సాధికారత’ దగ్గర మొదలెట్టి
‘సుస్థిరత’ దగ్గర దిగగలను.
ఈ రాత్రి బండి కదల్లేదు.

చివరికి ఆ పన్నెండు మచ్చల కాగితాన్నే
స్కాన్ చేసి పెట్టెలో అతికించాను.
కింద ఒకే వాక్యం: ఇవి వేలిముద్రలు.

ఎర్రక్షరాలు వెలిగాయి:
కనీసం వంద మాటలు కావాలి.

నాలుగైంది. హౌరా వైపు రైలేదో
పలాసలో ఆగి, ఊపిరి తీసుకుని, పోయింది.
రెండు బద్దలు నోట్లో వేసుకుని
మళ్లీ టైపు మొదలెట్టాను,
‘లక్షిత సమూహం’ అని.

స్పేస్‌బార్ మీద
ఇంకు అంటిన నా బొటనవేలు
మాట మాటకీ దిగుతోంది,
గీత గీతా స్పష్టంగా.